ఆరువారాల డాక్టరమ్మ

ఆ ఆసుపత్రిలో చేరిన మొదటి రోజే ఆమెకు పేరు పెట్టేశారు. ఆరు వారాల కోసం వచ్చింది కాబట్టి ఆరువారాల డాక్టరమ్మ. పొద్దున మందుల కౌంటరు దగ్గర పుట్టిన ఆ పేరు మధ్యాహ్నానికల్లా మెట్లెక్కి వార్డుల్లోకి పోయింది, సాయంత్రానికి గేటు బయట టీ బంకు దాకా నడిచింది. ఆమె ఏమీ అనుకోలేదు. ఇంతకుముందు పనిచేసిన పది ఆసుపత్రుల్లో ఇంతకంటే పాడు పేర్లే పెట్టారు. ఒకచోట 'అద్దె డాక్టరు' అన్నారు. ఇంకోచోట మూడు నెలలున్నా 'ఆ కొత్తామె' దగ్గరే ఆగిపోయారు.

ఆమెకు ముప్ఫై రెండేళ్ళు. చదువు పూర్తయిన దగ్గర్నుంచీ ఇదే పని. ఎక్కడ ఏ డాక్టరు సెలవు పెట్టినా, పురిటికి వెళ్ళినా, కాలో చెయ్యో విరగ్గొట్టుకున్నా వెళ్ళి ఆ ఖాళీలో కూర్చోవడం, అసలు మనిషి రాగానే కుర్చీ అప్పగించి ఇంకో ఊరి బస్సెక్కడం. "నీది ఉద్యోగం కాదే, కుర్చీలాట" అనేది వాళ్ళక్క. ఊరికీ ఊరికీ మధ్య దొరికే ఖాళీ రోజుల్లో ఆమె ఉండేది ఆ అక్క ఇంట్లోనే. అక్క బట్టలు కుడుతుంది, బావ సిటీ బస్సు నడుపుతాడు. కుట్టు మిషను పక్కన మడత మంచం వేసుకుని పడుకుంటే చాలు ఆమెకు, స్వర్గం.

తిరుగుడు బతుకు ఆమెకు నచ్చింది. ఎవరికీ మొహం మొత్తేదాకా ఉండక్కర్లేదు, ఎవరి గొడవల్లోనూ తలదూర్చక్కర్లేదు. ఒక్కటే లోటు. ఏ రోగి సంగతీ చివరిదాకా తెలిసేది కాదు. మందు రాసిచ్చాక ఆ మనిషికి తగ్గిందా, పెరిగిందా, మందు చెత్తబుట్టలో పడిందా, ఏదీ తెలియకుండానే బస్సు కదిలిపోయేది.

చుట్టుపక్కల ముప్ఫై ఊళ్ళకు అదే పెద్దాసుపత్రి. కింద అంతస్తులో ఓపీ, మందుల కౌంటరు, స్కానింగు గది. పైన వార్డులు. ఈసారి కాలు విరగ్గొట్టుకున్నది అక్కడి పెద్ద డాక్టరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఓపీ చూస్తున్న మనిషి. తన గదిలో ట్యూబులైటు మినుకుమినుకుమంటోందని, ఎలక్ట్రీషియను రేపొస్తానన్నాడని, ఆగలేక తిరిగే కుర్చీ మీదెక్కి విప్పబోయాడు. తిరిగే కుర్చీ కదా, తిరిగింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. ఆపరేషను చేసి ప్లేటు వేసి, కదలకుండా పడుకోమన్నారు. ఆయన పడుకున్నది కూడా ఆ ఆసుపత్రిలోనే, సరిగ్గా ఓపీ గది నెత్తిన ఉన్న మగవాళ్ళ వార్డులో, కిటికీ పక్కన నాలుగో నంబరు మంచం మీద.

ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. ఆ ఊళ్ళో సామెత తిరగబడింది. లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు కుర్చీ వంక చూసి, ఆ తర్వాత ఆమె వంక చూసి, ఆఖరికి తలుపు వంక చూసేవాళ్ళు. "మా డాక్టరు ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగిగాని నోరు తెరిచి నాలుక చూపించేవాళ్ళు కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ బరువుకు ఆ కుర్చీ మధ్యలో గుంటపడిపోయింది. ఆమె అందులో కూర్చుంటే గడ్డం బల్లకు తగిలేలా ఉండేది. దుప్పటి ఒకటి నాలుగు మడతలు పెట్టి వేసుకుని, దాని మీద కూర్చుని రోగుల్ని చూడటం మొదలుపెట్టింది.

మూడో రోజు సెలూను తాత వచ్చాడు. బజారులో యాభై ఏళ్ళుగా జుట్టు కత్తిరిస్తున్న మనిషి. కడుపులో మంట, మోకాళ్ళ నొప్పులు. మోకాళ్ళకని కొట్లో కొనుక్కుని మింగుతున్న మాత్రల వల్లే కడుపు మండుతోందని ఆమె విడమరిచి చెప్పింది. అవి ఆపమంది, వేరేవి రాసింది.

"అలాగేనమ్మా, నువ్వెంత చెబితే అంత" అన్నాడు తాత, అతి వినయంగా.

ఆ వినయానికే ఆమెకు అనుమానమొచ్చింది. తలుపు సందులోంచి చూస్తే, తాత ఎడమ చేతి వైపు మందుల కౌంటరుకు పోవాల్సింది పోయి, కుడి వైపు తిరిగి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కుతున్నాడు. మోకాళ్ళ నొప్పుల మనిషికి మెట్లతో ఏం పని? తర్వాత వచ్చిన దగ్గు మనిషీ కుడికే తిరిగాడు. చంటిబిడ్డ తల్లీ కుడికే తిరిగింది.

మెట్ల కింద స్ట్రెచరు బండికి ఆనుకుని దాన్ని తోసే మనిషి నిలబడి ఉన్నాడు. ఆసుపత్రిలో అందరికీ అతను బండి మామ.

"వీళ్ళంతా ఎక్కడికి?" అని అడిగింది.

"పైకండి."

"పైన ఏముంది?"

బండి మామ తల గోక్కున్నాడు. "మరి... సంతకానికండి."

ఆమె రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్ళింది. నాలుగో నంబరు మంచం చుట్టూ పదిమంది వరస కట్టారు. మంచం మీద యాభై ఆరేళ్ళ మనిషి, కట్టు కట్టిన కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివర నిలబెట్టి, ఆమె రాసిన చీటీల మీద టిక్కులు పెడుతున్నాడు. సెలూను తాత ఆమెను చూసి గోడవైపు తిరిగిపోయాడు.

"రండి డాక్టరు గారూ, రండి!" అన్నాడు పెద్ద డాక్టరు, పెళ్ళివారిని పిలిచినట్టు. "మీ చీటీలన్నీ చూశాను. మూడు రోజుల్లో ఒక్క తప్పు లేదు. భేష్!"

"తప్పు లేనప్పుడు చూడటం దేనికి సార్?"

"వాళ్ళ మనశ్శాంతికి."

"మరి నా మనశ్శాంతికి?"

ఆమె వెనక్కి తిరిగి కిందకు దిగిపోయింది. మెట్ల మలుపులో మేట్రనమ్మ ఎదురైంది. నర్సులందరికీ పెద్ద, ఆసుపత్రిలో ఆయన మాటకు ఎదురాడగల ఒకే ఒక్క మనిషి.

"ఆయన్ని నేను ఆపలేకపోయాను డాక్టరమ్మా. వార్డు తలుపు వేస్తే కిటికీలోంచి పిలుస్తున్నాడు. మీరు గనక ఆపితే ఈ తాళాల గుత్తి మీకే ఇచ్చేస్తా."

ఆ సాయంత్రం ఆమె గదిలో కూర్చుని చాలాసేపు ఆలోచించింది. పై అధికారికి ఫిర్యాదు చేస్తే ఆరు వారాలూ అందరికీ శత్రువే. ఊరుకుంటే ఆరు వారాలూ గుమాస్తానే. రాత్రి ఫోనులో అక్కకు చెప్పుకుంటే అక్క పడీపడీ నవ్వింది. "తిండిపోతుకు బుద్ధి రావాలంటే ఏం చేస్తారే? ఇంకా వడ్డిస్తారు" అంది.

మర్నాటి నుంచి ప్రతి చీటీ కింద ఆమె గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం చేర్చింది: 'పైన నాలుగో నంబరు మంచం దగ్గర తప్పక చూపించుకోవాలి.' వెళ్ళాలనుకున్నవాళ్ళకే కాదు, వద్దన్నవాళ్ళకు కూడా. చేతికి ముల్లు గుచ్చుకున్నవాణ్ణి పంపింది. ముక్కులో బలపం ముక్క పెట్టుకున్న పిల్లను, ముక్క బయటకు తీశాక, ఆ ముక్కతో సహా పంపింది. పళ్ళ డాక్టరు ఎక్కడుంటాడని అడగడానికి వచ్చిన ఒకావిడను కూడా, "పైన అడగండి, ఆయనకు బాగా తెలుసు" అని పంపింది. మొదటి రోజు డెబ్భై నలుగురు ఎక్కారు. రెండో రోజు ఎనభై ఒకరు. వరస వార్డు దాటి, వరండా దాటి, మెట్ల మీదుగా మళ్ళీ ఆమె గుమ్మం దాకా వచ్చేసింది. పెద్ద డాక్టరు భోజనం రెండు పూటలా చల్లారిపోయింది. పక్క మంచాలవాళ్ళు నిద్ర లేదని గోల పెట్టారు.

మూడో రోజు పదకొండింటికి బండి మామ ఒక కాగితం ముక్క తెచ్చాడు. అందులో రెండే మాటలు: 'ఓడిపోయాను. రండి.'

ఆమె వెళ్ళేసరికి ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కళ్ళు నులుముకుంటున్నాడు.

"అమ్మాయ్, నన్ను రోగిగా బతకనిస్తావా?"

"మీరు పడుకుంటానంటే నేను పంపను సార్."

"పడుకుంటాను. ఒట్టు." ఆ తర్వాత చిన్న గొంతుతో అన్నాడు. "పొద్దున్నే లేచి చెయ్యడానికి పని లేకపోతే పిచ్చెక్కుతోంది. అందుకే చేశాను. నీ మీద నమ్మకం లేక కాదు."

ఆమె కోపం అక్కడితో దిగిపోయింది. తన చేతిలోంచి కూడా ఎవరైనా పని లాక్కుంటే తనూ అలాగే అయ్యేదేమోననిపించింది. మంచం అంచున కూర్చుని, "ఒక పని ఉంది, చేస్తారా?" అని అడిగింది. "వాళ్ళ రోగాలు నేను చూస్తాను. వాళ్ళ సంగతులు మీకు తెలుసు. అవి చెప్పండి."

అప్పట్నుంచి రోజూ పొద్దున ఎనిమిదిన్నరకల్లా బండి మామ చేత ఒక కాగితం వచ్చేది, ఆ రోజు రావలసినవాళ్ళ గురించి. 'లారీ డ్రైవరు: బీపీ మాత్ర వేసుకుంటున్నానంటాడు. వేసుకోడు. డబ్బా తెచ్చి చూపించమను.' 'సెలూను తాత: నొప్పి లేదంటే ఉందని అర్థం. ఉందంటే చాలా ఉందని.' 'పోస్ట్‌మాన్ భార్య: రోగమేమీ లేదు. మాట్లాడే దిక్కు లేదు. పది నిమిషాలు విను.'

పోస్ట్‌మాన్ భార్య వచ్చింది. ఒళ్ళు బరువని, నిద్ర చాలదని, జుట్టు రాలిపోతోందని, భర్త ఊరందరికీ ఉత్తరాలు పంచొచ్చి తనతో ఒక్క మాటైనా పంచుకోడని నెమ్మదిగా, బొంగురు గొంతుతో చెప్పింది. ఆమె పది నిమిషాలూ విన్నది. వింటూ ఆ మెడ వంక చూసింది. లేచి వెళ్ళి వేళ్ళతో తడిమింది. రక్త పరీక్ష రాసింది. రెండు రోజుల తర్వాత బండి మామ చేతికి తనే ఒక కాగితం ఇచ్చి పైకి పంపింది: 'పోస్ట్‌మాన్ భార్య: పది నిమిషాలు విన్నాను. మెడ కూడా చూశాను. థైరాయిడ్ బాగా తక్కువగా ఉంది. మాత్ర మొదలుపెట్టాను.'

చాలాసేపటికి జవాబు వచ్చింది. 'ఆరేళ్ళుగా చూస్తున్నాను. మొహం చూశాను, మెడ చూడలేదు. సిగ్గుగా ఉంది. నువ్వు వచ్చావు, మంచిదైంది.'

ఆ కాగితాన్ని ఆమె పారెయ్యలేదు. కోటు జేబులో పెట్టుకుంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం లంచ్ డబ్బా పట్టుకుని నాలుగో నంబరు మంచం దగ్గరికే పోయేది. ఇద్దరూ తింటూ రోగుల గురించి వాదించుకునేవాళ్ళు. ఆయనకు దగ్గు మందు సీసాల మీద అపారమైన నమ్మకం. ఆమెకు ఆవగింజంత కూడా లేదు. ఆ వాదన ఎన్నడూ తెగేది కాదు. పక్క మంచాలవాళ్ళు రేడియో కట్టేసి మరీ వినేవాళ్ళు.

నాలుగో వారం మంగళవారం నాడు కాగితం రాలేదు.

ఎనిమిదిన్నర అయింది, తొమ్మిదయింది. నిద్రపోతున్నాడేమో అనుకుంది. తొమ్మిదిన్నరకు బండి మామను పిలిచి అడిగింది.

"ఇవాళ రాయలేదండి. ఒంట్లో బాగోలేదా సార్ అంటే, బాగానే ఉంది పో అన్నారు."

బయట పాతికమంది ఉన్నారు. ఎదురుగా ఒకామె చేతికి బీపీ పట్టీ చుట్టి ఉంది. అది చూడటం పూర్తి చేసి, "ఒక్క పది నిమిషాలు" అని అందరికీ చెప్పి ఆమె మెట్లెక్కింది. ఏ పనీ లేకపోతే పిచ్చెక్కే మనిషి పని మానేశాడంటే ఊరికే మానడు.

పెద్ద డాక్టరు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఏం లేదమ్మాయ్. రాత్రి అడ్డంగా పడుకున్నాను. పక్కటెముక దగ్గర పట్టేసింది."

"గట్టిగా ఊపిరి పీల్చండి."

సగం పీల్చి ఆగిపోయాడు. ఆమె మణికట్టు పట్టుకుంది. నిమిషానికి నూట పద్దెనిమిది. మంచం చివర వేలాడే చార్టులో చూస్తే ఎనభై నాలుగు అని ఉంది.

"ఎనభై నాలుగని రాసిందెవరు?"

పడుచు నర్సు ముందుకొచ్చింది. "నేనేనండి. సార్ తనే చూసుకుని చెప్పారు, రాసుకోమన్నారు."

వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజను ఎనభై తొమ్మిది చూపించింది. దుప్పటి తీసింది. కట్టు కట్టిన కాలి పిక్క రెండో దానికంటే ఒకటిన్నర రెట్లుంది. ఆపరేషను అయి మంచం మీద ఉన్నవాళ్ళ కాలి రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టకు ఒక ఇంజెక్షను ఇస్తారు. కాలిలో కట్టిన గడ్డ ఊపిరితిత్తికి చేరితే ప్రాణం మీదకొస్తుంది. ఆమె మందుల కాగితం తిప్పింది. ఆ ఇంజెక్షను మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది, తొమ్మిది రోజుల కిందట.

"ఇది ఆపమన్నదెవరు?"

"డాక్టరు గారండి."

"ఏ డాక్టరు గారు?"

పడుచు నర్సు వేలు మంచం వైపు చూపించింది. "ఈ డాక్టరు గారేనండి."

పెద్ద డాక్టరు కిటికీ వైపు చూస్తూ గొణిగాడు. "నాకు సూది అంటే భయం."

"ఏమిటీ?"

"చిన్నప్పట్నుంచీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊరంతటినీ పొడుస్తున్నాను. నన్ను పొడవబోతే మాత్రం కళ్ళు తిరుగుతాయి. ఇంక నవ్వు."

ఆమెకు నవ్వు రాలేదు. "ఇప్పుడే ఇంజెక్షను వేస్తున్నాం. ఆ తర్వాత కిందకు, స్కానింగుకు."

"తొందరపడకు. కండరం పట్టేసి ఉంటుంది. సాయంత్రం దాకా చూద్దాం. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవంతో చెబుతున్నాను."

ఒక్క క్షణం ఆమె తటపటాయించింది. తను ఆరు వారాల మనిషి. తన మాట తప్పయితే ఊరంతా నవ్విపోతుంది. కానీ తన మాట నిజమై, సాయంత్రం దాకా ఆగితే? ఆ ఆలోచన రాగానే తటపటాయింపు పోయింది.

"ఈ మంచం మీద ఉన్న మనిషికి ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం లేదు సార్. ఆయన రోగి అయి ఇరవై ఆరు రోజులే అయింది. ఆయనకు డాక్టర్ని నేను."

మేట్రనమ్మ ఎప్పుడొచ్చిందో వచ్చింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి తన జేబులో పెట్టుకుంది. "సార్, చొక్కా ఎత్తండి" అంది.

ఆయన చొక్కా ఎత్తాడు, కళ్ళు మూసుకున్నాడు, నిజంగానే ఇంకా పాలిపోయాడు. ఆరువారాల డాక్టరమ్మ తనే సూది వేసింది. ఆక్సిజను పెట్టారు. బండి మామ స్ట్రెచరు తెచ్చాడు. ఆ బండి చక్రం ఒకటి ఎప్పుడూ కిర్రుమనేది. ఆ రోజు అతను దాన్ని ఎలా తోశాడో గాని చప్పుడు లేకుండా వరండా దాటించి, స్ట్రెచర్లకని ఉన్న లిఫ్టులో కిందకు దించాడు. కింద ఓపీ దగ్గర పాతికమందీ లేచి గోడలకు అతుక్కుని దారిచ్చారు. స్కానింగు గది గుమ్మంలో ఆయన ఆమె కోటు అంచు పట్టుకున్నాడు.

"ఎంత పెద్దదంటావ్?"

"తెలీదు సార్. చూస్తే గాని చెప్పలేను. మీరైతే అబద్ధం చెప్పేవారా?"

"చెప్పేవాణ్ణి" అన్నాడాయన. "నువ్వు చెప్పొద్దులే."

స్కానింగు బొమ్మలో గడ్డ కనిపించింది. కుడి ఊపిరితిత్తిలోకి పోయే ఒక కొమ్మలో, మరీ పెద్దది కాదు, చిన్నదీ కాదు. గుండె మీద ఒత్తిడి పడలేదు. ఇంకో రోజు ఆగి ఉంటే ఏమయ్యేదో ఆ గదిలో ఉన్న ఇద్దరు డాక్టర్లకూ తెలుసు.

ఆమె ఓపీకి తిరిగొచ్చేసరికి పన్నెండయింది. ఒక్కరూ వెళ్ళిపోలేదు. మొదట లోపలికొచ్చిన లారీ డ్రైవరు కుర్చీలో కూర్చోకుండానే అడిగాడు. "మా డాక్టరుకి ఎలా ఉంది మేడమ్?"

"గండం గడిచింది."

లారీ డ్రైవరు వెనక్కి తిరిగి తలుపు తీసి, "గడిచిందంట!" అని కేకేశాడు. బయట పెద్ద గోలగా మాటలు లేచాయి. ఆమె అతన్ని వెనక్కి పిలిచి కూర్చోబెట్టి బీపీ చూసింది.

సాయంత్రం నాలుగుంబావుకు పెద్ద డాక్టరు భార్య వచ్చింది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. రోజూ దిద్దాల్సిన పేపర్ల కట్ట చంకలో పెట్టుకుని వచ్చేది. అంతా విని ఆ కట్ట మంచం మీద పడేసింది.

"ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈ సూది సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"నవ్వుతావని."

"నవ్వేదాన్నే! నవ్వితే ప్రాణం పోతుందా? సూదికి భయపడి పోయారని రేపు నలుగురికీ ఎలా చెప్పుకునేదాన్ని నేను?" అంటూనే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వేసింది.

ఆ తర్వాత పది రోజులూ, సూదులు ఆగి మాత్రల్లోకి మారేదాకా, సూది వేసే బాధ్యత ఆవిడ తన మీద వేసుకుంది. వేసేది నర్సే. కానీ ఆ సమయానికి ఆవిడ ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, "పందొమ్మిదో ఎక్కం అప్పజెప్పండి" అనేది. ఆయన "పందొమ్మిది ఆర్లు నూట పద్నాలుగు, పందొమ్మిది ఏళ్ళు..." దగ్గర తడుముకునేవాడు. అక్కడ నర్సు పొడిచేసేది. మూడో రోజుకు పక్క మంచాలవాళ్ళు అందించడం మొదలుపెట్టారు. ఆరో రోజుకు వార్డులో అందరికీ పందొమ్మిదో ఎక్కం వచ్చేసింది, ఆయనకు తప్ప. సెలూను తాత పెట్టె తెచ్చుకుని మంచం దగ్గరే గడ్డం గీశాడు. "రోగిలా కనిపించకపోతే సగం తగ్గినట్టే" అన్నాడు. ఆ సంగతి ఏ వైద్య పుస్తకంలోనూ లేదని ఇద్దరు డాక్టర్లూ అన్నారు గానీ, ఆయన మొహం మాత్రం తేటపడింది.

ఆరో వారం చివర ఆసుపత్రి సూపరింటెండెంటు ఆమెను తన గదికి పిలిచాడు. సన్నగా, జాగ్రత్తగా, ప్రతి మాటా తూచి వదిలే మనిషి. పెద్ద డాక్టరు ఓపీకి రావడానికి ఇంకా మూడు నెలలు పడుతుందని, అందాకా ఉంటారా అని అడిగాడు. ఇంకా అడగాలనుకున్నదేదో గొంతులో ఆపుకున్నట్టు దగ్గాడు. ఆ దగ్గులోంచి ఇంకో సంగతి బయటపడింది. ఆ ఓపీకి ఇద్దరు డాక్టర్లు కావాలని ఏళ్ళ తరబడి రాస్తుంటే, రెండో పోస్టుకు ఇప్పుడు అనుమతి వచ్చింది. "కావాలంటే అది కూడా... మీరు ఆలోచించుకోండి."

ఆమె అక్కకు ఫోను చేసింది.

"ఉండాలని ఉందా?" అంది అక్క. వెనకాల మిషను ఆగింది.

"ఉంది."

"మరి ఆలోచించేదేముందే?"

"ఒకేచోట ఉండటం అలవాటు లేదక్కా."

"కొత్త చెప్పులు ముందు కరుస్తాయి. అలాగని ఉత్త కాళ్ళతో తిరుగుతామా? ఆదివారం నేనూ మీ బావా వస్తాం. గది చూసి పెట్టు. కర్టెన్లకు కొలతలు తీసుకోవాలి."

అలా ఆమె ఉండిపోయింది. కొలతలు తీసుకుని అక్క కుట్టిన కర్టెన్లు కిటికీకి జానెడు పొట్టివయ్యాయి. బావ కొలిచాడట. నెల తిరిగేసరికి పోస్ట్‌మాన్ భార్య మళ్ళీ వచ్చింది. మొహంలో ఉబ్బు దిగింది, గొంతులో బొంగురు పోయింది, నడకలో చురుకు వచ్చింది. "ఇప్పుడు నేను మాట్లాడుతుంటే మా ఆయనే ఇంకో వీధి ఉత్తరాలున్నాయని పారిపోతున్నాడమ్మా" అని చెప్పి పకపకా నవ్వింది. ఆమె వెళ్ళాక కూడా ఆరువారాల డాక్టరమ్మ చాలాసేపు తలుపు వంక చూస్తూ కూర్చుంది. తన మందు పనిచేసి నడిచొచ్చిన మనిషిని కళ్ళారా చూడటం ఇంత బాగుంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు. తర్వాతివాళ్ళను పిలవడం కూడా మరిచిపోయింది. మేట్రనమ్మ వచ్చి బల్ల మీద కొడితే గాని తెలివి రాలేదు.

మూడు నెలలు గడిచాయి. పెద్ద డాక్టరు చేతికర్రతో పనిలోకి వచ్చాడు. పక్కన కట్లు, దూది దాచే గదిని ఖాళీ చేసి రెండో ఓపీ గది చేశారు. మొదటి రోజు పొద్దున ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. ఏ గది ముందు నిలబడితే ఎవరికి కోపమొస్తుందోనని జనం ఏ గది ముందూ నిలబడలేదు. డెబ్భైమంది రెండు తలుపులకూ సరిగ్గా మధ్యలో గుంపుగా నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రెండు గదుల్లోనూ ఇద్దరు డాక్టర్లు ఖాళీగా కూర్చున్నారు. చివరికి మేట్రనమ్మ అంకెలు రాసిన బిళ్ళలు పంచింది. సరి అంకె ఇటు, బేసి అంకె అటు. "బిళ్ళలు మార్చుకుంటే ఊరుకోను" అని గట్టిగా చెప్పింది. పది నిమిషాల్లో అందరూ మార్చేసుకున్నారు.

అయినా పని చకచకా సాగింది. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఓపీ ఒంటిగంటకే అయిపోయింది. పెద్ద డాక్టరు తన గదిలోంచి బయటకొచ్చి ఖాళీ బెంచీల వంక నమ్మలేనట్టు చూశాడు.

"ఇప్పుడేం చేస్తారమ్మాయ్ జనం?"

"టీ తాగుతారు సార్."

ఇద్దరూ గేటు దాటి టీ బంకుకు వెళ్ళారు. ఆయన కర్ర వేసుకుంటూ నెమ్మదిగా, ఆమె ఆయన అడుగుకు అడుగు కలుపుతూ. ఎండలో బల్ల మీద కూర్చున్నారు. సగం గ్లాసు తాగేలోపు దగ్గు మందు సీసాల గొడవ మళ్ళీ మొదలైంది. అంతలో దారిన పోయే ఒకాయన ఆగి, "ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, ఒక్క ముక్క అడగొచ్చా?" అంటూ నాలుక బయటపెట్టాడు. అతని వెనక ఇంకొకామె చెయ్యి చాపింది. ఇంకొకరు చొక్కా గుండీ విప్పారు. పావుగంటలో టీ బంకు ముందు రోడ్డు మీద వరస కట్టేశారు. టీ కొట్టాయన అందరికీ గ్లాసులు అందిస్తూ మహా ఆనందంగా ఉన్నాడు.

గేటులోంచి మేట్రనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని రావడం చూసి ఇద్దరు డాక్టర్లూ గ్లాసులు కింద పెట్టి, చెప్పిన మాట వినే పిల్లల్లా లేచి నిలబడ్డారు.